వేగం ఎవరు నిర్ణయించాలి?

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇరవై తొమ్మిది కేంద్ర కార్మిక చట్టాలు వాటిలో కలిసిపోయాయి. సమ్మె హక్కు గురించీ, మూడువందల మంది లోపున్న సంస్థల్లో తొలగింపుల గురించీ కార్మిక సంఘాలు చాలా రాశాయి, ఇంకా రాస్తున్నాయి. రాయవలసిందే. అయితే ఆ ఇరవై తొమ్మిదింటిలో ఒక చిన్న చట్టం పోయిన సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం అది.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు పనిచేసిన కార్యకర్తలకు కమీషన్‌దారు ముందు బీడీల గంప దించినప్పుడు ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. కట్ట చేతిలోకి తీసుకుంటాడు, వేళ్లతో తిరగేస్తాడు, కొన్ని పక్కన పడేస్తాడు. మూతి సరిగా మడవలేదంటాడు, ఆకు మచ్చ పడిందంటాడు. ఆకు ఇచ్చింది తనే అన్న సంగతి ఆ క్షణాన గుర్తుండదు. పక్కన పడేసిన వాటికి కూలి లేదు. ఆడవాళ్లు దశాబ్దాల తరబడి దీనిమీద పోట్లాడారు. ఆ పోట్లాటల ఫలితం 1966 చట్టంలో 39వ సెక్షనుగా కనిపిస్తుంది. ముడిసరుకు ఇవ్వడంలో గానీ, బీడీలు తిరస్కరించడంలో గానీ, తిరస్కరించిన వాటికి కూలి విషయంలో గానీ తగాదా వస్తే యజమాని మాటే చెల్లదు, ప్రభుత్వం నియమించిన అధికారి విని తేల్చాలి అని అది చెప్పింది. అది ఎంతమేరకు అమలయింది అంటే నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. చాలా ఊళ్లలో ఆ అధికారి మొహం చూసినవాళ్లు లేరు. కానీ చట్టం ఒక మాట ఒప్పుకుంది: ‘నీ పని బాగా లేదు’ అనే అధికారం మామూలు అధికారం కాదు, అది కూలిని కోస్తుంది, అందుకే దానిమీద విచారణ ఉండాలి. కొత్తగా వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో బీడీ గురించి మిగిలింది లైసెన్సు, దానిమీద అప్పీలు, ఇంటి దగ్గర పనికి అనుమతి, అంతే.

అరవై ఏళ్ల కిందటి ఈ సెక్షన్ ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో చెప్తాను. హైదరాబాద్‌లో యాప్ ద్వారా ఇళ్లకు వెళ్లి బ్యూటీ పని చేసే కొందరు స్త్రీలతో ఆమధ్య ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, పేరు మార్చినా కథ మారదు. వ్యాక్సింగు హీటరు, క్రీములు, టవళ్లు, మడత బల్ల ఉన్న బరువైన సంచీతో లిఫ్టు లేని మూడో అంతస్తు ఎక్కడం, ఒక ఇంట్లో పని ముగిసిన ఇరవై నిమిషాల్లో నాలుగు కిలోమీటర్ల అవతల ఇంకో ఇంట్లో ఉండాలని ఫోను చెప్పడం, బాత్రూం వాడుకుంటాం అని ఇంటావిడను అడగలేక పొద్దుటి నుంచీ నీళ్లు తాగకపోవడం, ఇవన్నీ వాళ్లు ఒకదాని వెంట ఒకటి మామూలుగా చెప్పుకుపోయారు. నడుంనొప్పి గురించి అడిగితే నవ్వారు. ఒకామె మాత్రం కోపంగా అంది: “నెలసరి మూడో రోజు రెండు బుకింగులు వద్దన్నా. మార్కు పడిపాయె. పడ్డంక మంచి పనులు రావు. ఐడీ మూసేసిండ్రు. ఎందుకు అని అడుగుదామంటే మనిషి ఎక్కడున్నడు మేడం? ఫోన్లో టైపు చేస్తే అవే నాలుగు ముక్కలు మళ్లమళ్ల వస్తయి.”

కమీషన్‌దారుతో కనీసం తిట్లయినా తిట్టుకోవచ్చు.

ఈ మార్కులూ బుకింగులూ ఎవరో గుమాస్తా కూర్చుని వేసేవి కావు. లక్షల పాత పనుల లెక్కలు మింగి, ఈ పనికి ఇన్ని నిమిషాలు చాలు, ఈమెకు ఈ పని ఇవ్వచ్చు, ఆమెకు ఇవ్వకూడదు, ఈ మొహం రిజిస్టర్లో ఉన్న మొహమే అని తనంత తాను తేల్చే ఏర్పాటు ఇది. కృత్రిమ మేధ అంటే మనతో మాట్లాడే మర ఒక్కటే కాదు. ‘ఇది ఉత్త యాపే కదా, దీన్ని కృత్రిమ మేధ అనొచ్చా?’ అని మనలో కొందరు సందేహపడతారు. అమ్ముకునేటప్పుడు కంపెనీలు దాన్ని కృత్రిమ మేధ అంటాయి, నిలదీస్తే ఉత్త యాప్ అంటాయి. పేరు గురించి మనం కొట్టుకోనక్కర్లేదు. పనివేగం, విరామం, కూలి, తొలగింపు, వీటిలో ఏది నిర్ణయించినా అది యజమాని చెయ్యే.

గుర్గావ్‌లో అర్బన్ కంపెనీకి పనిచేసే బ్యూటీషియన్లు 2021 అక్టోబరులో కార్యాలయం ముందు బైఠాయించినప్పుడు ఈ దేశంలో ఆ రకం పనిలోని ఆడవాళ్లు మొదటిసారి అందరి కళ్లా పడ్డారు. కమీషన్లు, రేటింగులు, ఇష్టం వచ్చినట్టు ఐడీలు మూసెయ్యడం వాళ్ల ఫిర్యాదులు. అదే సంవత్సరం డిసెంబరులో మళ్లీ కూర్చుంటే కంపెనీ కోర్టుకెళ్లింది. 2023లో ఐడీల మూసివేత మీద ఇంకా అనేక నగరాల్లో ఆందోళనలు జరిగాయి. పత్రికలు దీన్ని ఆదాయం సమస్యగా రాశాయి. అది నిజమే గానీ సగం నిజం. ఆ సంచీ మోసే భుజం, ఆ నీళ్లు తాగని మూత్రపిండం, ఐడీ పోతుందేమోనని రాత్రి రెండింటికి ఫోను చూసుకునే నిద్ర, ఇవి ఆరోగ్య సమస్యలు. ఇవి పనిస్థలపు ప్రమాదాలు. ఈ మాట మనం అనకపోతే ఎవరూ అనరు.

నీళ్ల మాట ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే యంత్రపు కొలత ఆడవాళ్ల ఒంట్లో మొదట దిగేది అక్కడే. నాగపూర్, చండీగఢ్, పంచకుల మునిసిపాలిటీలు పారిశుధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు కట్టాయి. ఎక్కడ తిరుగుతున్నారో, ఎంతసేపు ఆగారో ఆఫీసులో తెరమీద చుక్కలుగా కనిపిస్తుంది. కొన్నింటిలో కెమెరా, మైకు కూడా ఉన్నాయి. మరుగుదొడ్డికి వెళ్లాలంటే భయమేస్తోందని, లోపల ఎవరు చూస్తున్నారో తెలియదని అక్కడి స్త్రీలు చెప్పారు. 2024 వేసవిలో మనేసర్‌లోని అమెజాన్ గోడౌనులో, లారీల సరుకు దించేదాకా నీళ్లకూ మరుగుదొడ్డికీ వెళ్లమని కార్మికులచేత ప్రమాణం చేయించారన్న వార్త వచ్చింది, జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసు ఇచ్చింది. ప్రమాణం చేయించింది మనిషే, కంప్యూటరు కాదు అని వాదించవచ్చు. ఆ మనిషి నెత్తిమీద టార్గెట్టు పెట్టిందెవరు?

మా పట్టణంలో ఊడ్చే ఆడవాళ్లకు ఫోనులో మొహం చూపిస్తే హాజరు. తెల్లవారుజామున నాలుగున్నరకు వీధి దీపం కింద నిలబడి, ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి, చెంగు వెనక్కి వేసుకుని, మొహం అటూ ఇటూ తిప్పుతారు. ఒక్కోసారి నాలుగైదుసార్లు. “మొఖం పడ్తలేదంటది. ఇరవై ఏండ్ల నుంచి గీ గల్లీ ఊడుస్తున్న, గల్లీల కుక్క నన్ను గుర్తువడ్తది, ఫోను గుర్తువట్టదు,” అంది ఒక పెద్దమనిషి. మధ్యాహ్నం మళ్లీ అదే తంతు. దుమ్ము నుంచి కాపాడే గుడ్డ విప్పితేనే హాజరు, మొహం పడకపోతే ఆ పూట కూలి లేదు. భద్రతా పరికరం వాడితే కూలి పోయే ఏర్పాటుకు ఏ సేఫ్టీ అధికారి అనుమతి ఇచ్చాడు? ఎవరూ ఇవ్వలేదు, ఎవరినీ అడగలేదు కూడా. అది భద్రతకు సంబంధించిన విషయమని ఎవరికీ తట్టలేదు, ఐటీ విభాగం కొనుగోలు చేసింది, అంతే.

ఉపాధి పనుల్లో ఇదే సంగతి ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 2023 జనవరి 1 నుంచి దేశమంతటా మొబైల్ యాప్‌లో రోజుకు రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు. ఎండాకాలంలో మన పల్లెల్లో ఉపాధి పనికి వెళ్లేవాళ్లు, అందులో సగానికి పైగా ఆడవాళ్లే, తెల్లారకముందే బయల్దేరి ఎండ ముదిరేలోగా కొలత పూర్తిచేసి ఇల్లు చేరేవాళ్లు. అది ఏ డాక్టరూ చెప్పని, ఒళ్లు నేర్పిన భద్రతా నియమం. రెండో ఫోటో దాన్ని చెరిపేసింది. పని అయిపోయినా ఫోటో కోసం నీడలేని చెరువు గట్టున కూర్చోవాలి, లేదా ఇంటికెళ్లి మిట్టమధ్యాహ్నం మళ్లీ రావాలి. పోనీ దొంగ మస్టర్లు ఆగాయా అంటే, ఫోటోలకే ఫోటోలు తీసి ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్ రాసి, పంచాయతీ స్థాయిలో మళ్లీ మనుషులచేత సరిచూడమంది. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం ఇంకో అడుగు వేసింది. ప్రణాళికకూ, ఆడిట్‌కూ, మోసాలు పట్టడానికీ కృత్రిమ మేధను వాడే మాట చట్టంలోనే ఉంది. ఎండదెబ్బకు పడిపోయే మనిషిని ముందే గుర్తించడానికి వాడే మాట లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. యంత్రం ప్రాణాలు కాపాడగలదు కదా అని. కాపాడగలదు, కాదనను. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా కంపెనీలో పదిహేడుమంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడుకు నలభైమందికి పైగా బలయ్యారు. వేడి, ఒత్తిడి, గాలిలో ఆవిరి, దుమ్ము, వీటిని క్షణక్షణం చూస్తూ ముందే కేక పెట్టే యంత్రం ఉంటే మనం వద్దంటామా? కానీ మార్కెట్లో ‘వర్క్‌ప్లేస్ సేఫ్టీ’ పేరుతో అమ్ముడవుతున్నవి చూడండి. హెల్మెట్ పెట్టుకున్నాడా లేదా చూసే కెమెరా, ఆవులించాడా లేదా చూసే కెమెరా, సీట్లోంచి ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టే కెమెరా. రియాక్టరు వైపు తిరగవలసిన కన్ను కార్మికురాలి వైపు తిరిగి ఉంది. రియాక్టరు వైపు తిప్పితే యజమానికి ఖర్చు, కార్మికురాలి వైపు తిప్పితే మిగులు. రాత్రి షిఫ్టుల్లో స్త్రీల సమ్మతితో పని చేయించుకోవచ్చని, భద్రత కల్పించాలని కొత్త కోడ్ అంటోంది. ఆ భద్రతకు అర్థం రవాణా, తోడు, వెలుతురు, మరుగుదొడ్డి కాక మరో రెండు కెమెరాలే అవుతుందేమోనని నా భయం.

మన ఉద్యమంలోనే దీనిమీద ఏకాభిప్రాయం లేదని నాకు తెలుసు. రాత్రిపూట క్యాబుల్లో ప్యానిక్ బటన్లు, జీపీఎస్ కావాలని అడిగినవాళ్లలో మనమూ ఉన్నాం. దొంగ మస్టర్లతో విసిగి, ఫోటో హాజరు మంచిదే అనుకున్న మహిళా సంఘాలూ ఉన్నాయి. వాళ్లను నేను తప్పుపట్టను. ప్యానిక్ బటన్ నొక్కేది ఆమె. చేతికి కట్టిన గడియారం నొక్కేది ఆమెను. ఈ తేడా చట్టంలో రాయించడమే కష్టమైన పని.

ఇక చట్టాల సంగతి. కొత్త భద్రతా కోడ్ యజమాని మీద ప్రమాదాలు లేని పనిస్థలం కల్పించే బాధ్యత పెట్టింది. బాగుంది. ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితా మూడో షెడ్యూలులో ఉంది: సీసం, పాదరసం, సిలికోసిస్, పత్తి దుమ్ము వల్ల వచ్చే బిస్సినోసిస్, చప్పుడు వల్ల వచ్చే చెవుడు, మొత్తం ఇరవై తొమ్మిది. ఫ్యాక్టరీల చట్టం నుంచి దించుకున్న జాబితా. విష పదార్థాలు, దుమ్ము, చప్పుడు అందులో ఉన్నాయి, వేగం లేదు. మెడ, నడుం, మణికట్టు లేవు. మూత్రకోశపు ఇన్‌ఫెక్షన్ లేదు. భయం లేదు. యాప్ పనివాళ్లయితే ఈ కోడ్‌లోనే లేరు. ‘గిగ్ వర్కర్’ అన్న మాట సామాజిక భద్రత కోడ్‌లో ఉంది, అంటే పోయాక ఏమైనా ఇస్తారేమో గానీ పోకుండా చూసే చట్టం వాళ్లను గుర్తించదు. తనిఖీ అధికారి ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’. ఏ సంస్థను తనిఖీ చెయ్యాలో ఆయనకు చెప్పేది కూడా కంప్యూటరే.

కార్మికురాలి మొహం, నడక, కొలతల మీద ఆమెకేమైనా హక్కుందా అంటే, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఏడో సెక్షన్ ‘ఉద్యోగ అవసరాల’ కోసం యజమాని సమ్మతి లేకుండానే వాడుకోవచ్చంటోంది. ఆ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. కృత్రిమ మేధకు ప్రస్తుతానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదన్నది 2025 నవంబరులో వెలువడిన కేంద్ర మార్గదర్శకాల ధోరణి.

బయట పరిస్థితి ఇలాగే లేదు. యూరోపియన్ యూనియన్‌లో పనిస్థలాల్లో మనిషి భావోద్వేగాలను యంత్రంతో పసిగట్టడం 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధం. వైద్యం, భద్రత అన్న రెండు మినహాయింపులు పెట్టారు, భద్రత అన్న తలుపు ఎంత వెడల్పో చూడాలి. యాప్ పనులమీద 2024లో అక్కడ వచ్చిన ఆదేశం మనకు ఇంకా దగ్గరిది. యంత్రపు నిఘా వల్ల ప్రమాదాలు, మానసిక ఒత్తిడి, ఒంటినొప్పులు వస్తాయా అని కంపెనీయే పరీక్షించాలి, కార్మికులను అనుచితంగా ఒత్తిడి పెట్టే పద్ధతిలో ఆ యంత్రాన్ని వాడకూడదు అని అది స్పష్టంగా అంటుంది. సభ్యదేశాలు 2026 డిసెంబరు 2లోగా దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి. కాలిఫోర్నియాలో 2022 నుంచి గోడౌనుల్లో ఏ కోటా అయినా మరుగుదొడ్డికి వెళ్లడానికి అడ్డొస్తే అది చెల్లదు, కోటా ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలి, తన వేగం లెక్కలు కార్మికురాలు అడిగి తీసుకోవచ్చు. చట్టంలో ‘మరుగుదొడ్డి’ అన్న మాట రాయడానికి సిగ్గుపడలేదు వాళ్లు. మన పక్కనే కర్ణాటక 2025లో చేసిన గిగ్ కార్మికుల చట్టం, తొలగించాలంటే పద్నాలుగు రోజుల ముందు కారణం రాసి ఇవ్వాలంటుంది, యంత్రం నిర్ణయాలు ఎలా తీసుకుంటుందో కార్మికులకు చెప్పాలంటుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూడా ముసాయిదా ప్రకటించి అభిప్రాయాలు అడిగింది. ఆ చర్చల్లో బైకు మీద తిరిగే మగపిల్లల గొంతు వినిపించినంతగా సంచీ మోసే ఆడవాళ్ల గొంతు వినిపించలేదు. వాళ్ల సంఘాలను నేను తక్కువ చెయ్యడం లేదు, పది నిమిషాల డెలివరీ ప్రాణాంతకమని రోడ్డెక్కింది వాళ్లే. కానీ మూత్రకోశం గురించి మీటింగులో మాట్లాడేది మనమే కావాలి.

కొత్త చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకోనక్కర్లేదు. పారిశ్రామిక సంబంధాల కోడ్ నలభయ్యో సెక్షన్ చదవండి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఎ అది. పని గంటలు, విరామ సమయాలు, కొత్త క్రమశిక్షణ నియమాలు, తొలగింపులకు దారితీసే యంత్రాల మార్పు, వీటిలో ఏది మార్చాలన్నా యజమాని కార్మికులకు ఇరవై ఒక్క రోజుల నోటీసు ఇవ్వాలి. చేతికి గడియారం కట్టి ‘పది నిమిషాలు ఆగితే గైర్హాజరు’ అనడం విరామంలో మార్పు కాదా? మొహం పడకపోతే కూలి కోత కొత్త క్రమశిక్షణ నియమం కాదా? కాంట్రాక్టు కార్మికులయినా, గోడౌను పనివాళ్లయినా, ‘కార్మికులు’ అన్న నిర్వచనంలోకి వచ్చే ప్రతిచోటా ఈ నోటీసు అడగాలి. ఇవ్వలేదంటే వివాదం లేవదీయాలి. ఇలాంటి కేసు ఒకటి గట్టిగా నడిస్తే పది సెమినార్ల పెట్టు. ఇది మన లాయరు మిత్రులకు నా విన్నపం.

రెండో కోరిక 39వ సెక్షను దగ్గరికే తీసుకెళ్తుంది. మార్కు తగ్గించడం, పని ఆపేయడం, ఐడీ మూసెయ్యడం ‘తిరస్కరణ’ కిందికే వస్తాయి. జిల్లాకొక అధికారి, విని, కారణం అడిగి, కొద్దిరోజుల్లో తేల్చేవాడు ఉండాలి. లైంగిక వేధింపుల చట్టం కింద అసంఘటిత రంగం స్త్రీల కోసం జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలని 2013లో రాయించుకున్నాం. అది ఎన్ని జిల్లాల్లో పేరుకే ఉందో మనకు తెలుసు, అయినా ఆ తలుపు ఉంది కాబట్టే కొట్టగలుగుతున్నాం. 1997లో విశాఖ తీర్పుకు ముందు వేధింపు ‘పనిస్థలపు సమస్య’ కాదు, ఆడదాని తలరాత. రాజస్థాన్‌లో భన్వరీదేవి పని చేస్తున్నందుకే ఆమెమీద దాడి జరిగిందని చెప్పి చెప్పి ఒప్పించాకే అది యజమాని బాధ్యత అయింది. వేగం విషయంలో ఇప్పుడు మనం ఆ ముందుకాలంలో ఉన్నాం.

మూడోది, అన్నిటికంటే మామూలుగా కనిపించేది: ఏ సంస్థ అయినా ఇలాంటి యంత్రం పెట్టే ముందు దానివల్ల ఒంటికేమవుతుందో పరీక్షించాలి, ఆ పరీక్షలో గర్భిణి, నెలసరి రోజుల్లో ఉన్న స్త్రీ, మోకాళ్లు అరిగిన నలభై అయిదేళ్ల స్త్రీ ఉండాలి. యంత్రం సగటు తీస్తుంది. సగటు మనిషి గర్భిణి కాడు. భద్రతా కమిటీలు ఉన్నచోట ఆ పరీక్ష ఫలితం కమిటీ ముందుకు రావాలి. సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరి అయ్యేది మామూలు ఫ్యాక్టరీలో ఐదువందల మంది ఉంటేనే కాబట్టి, చిన్న చోట్ల ఈ పని ఎవరు చెయ్యాలో రాష్ట్ర నిబంధనల్లో రాయించాలి. మునిసిపాలిటీలూ, పంచాయతీలూ యజమానులే, వాటికి మినహాయింపు ఉండకూడదు.

వీటికి ఆధారాలు కావాలి. అధికారుల ముందు కూర్చున్నప్పుడు ‘మీ దగ్గర లెక్కలున్నాయా’ అంటారు. యంత్రం దగ్గర మన లెక్కలన్నీ ఉన్నాయి, మన దగ్గర లేవు. అందుకని పాఠకులకు, ముఖ్యంగా బస్తీల్లో, బీడీ ఊళ్లలో, ఉపాధి పనుల దగ్గర, గోడౌనుల్లో, యాప్ పనివాళ్లతో పనిచేసే కార్యకర్తలకు ఒక పని అప్పగిస్తున్నాం. మీ దగ్గరున్న పదిమంది స్త్రీలతో ఒక నెలపాటు నోటుబుక్కు పెట్టించండి. చదువు రానివాళ్లకు పిల్లలు రాసిపెడతారు. ఎన్ని గంటలకు బయల్దేరారు, ఎన్నిసార్లు నీళ్లు తాగారు, ఎన్నిసార్లు మరుగుదొడ్డికి వెళ్లగలిగారు, మొహం ఎన్నిసార్లు పడలేదు, ఎంత కూలి కోశారు, ఏ నొప్పికి ఏ మందు వేసుకున్నారు, డాక్టరు దగ్గరికెళ్తే ఏమన్నాడు. పేర్లు రాయవద్దు, కంపెనీ ఐడీ నంబర్లు రాయవద్దు, వయసు, పని, జిల్లా చాలు. నోటుబుక్కులు వాళ్ల దగ్గరే ఉంచి, ప్రతులు మాత్రం వచ్చే సంచిక పని మొదలయ్యేలోగా పత్రిక చిరునామాకు పంపండి.